రోషీన్ కాళ్లకు డీలియా దారం

ఫెస్టీ మల్‌కెరిన్ చేత్తో తడిమితే చాలు, గుర్రం కాలిలో ఏ జబ్బున్నా తెలిసిపోతుందని కారిగ్‌మోర్ ఊళ్లో అందరికీ తెలుసు. తెలియక చస్తుందా? ముప్పై ఏళ్లపాటు ఇంటింటికీ ఉత్తరాలు పంచుతూ ఆ సంగతి కూడా ఫెస్టీయే పంచాడు. ఉత్తరం లేని ఇంటికి కూడా సలహా మాత్రం అందేది. పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం వదిలి రెండేళ్లయినా ఆ పంపకం మాత్రం ఆగలేదు.

అలాంటివాడు ఆగస్టు నెలలో ఓ బుధవారం పొద్దున తన సొంత సాలలో గడ్డి మీద గొంతుక్కూర్చుని, తన సొంత గుర్రప్పిల్ల కాళ్లు తడిమి, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

రోషీన్‌కు రెండేళ్లు. పాలలో బూడిద కలిపిన రంగు, ఈతాకులాంటి చెవులు. దాని వెనక కాళ్లు రెండూ గిట్టల పైనుంచి మడమ కీలు దాకా ఉబ్బిపోయి ఉన్నాయి. ఎముకేదో నరమేదో తెలియడం లేదు. వేలితో నొక్కితే గుంట పడింది, పడిన గుంట అలాగే ఉంది. వేడి లేదు, గాయం లేదు, ముల్లు లేదు. నొక్కితే కాలు లాక్కోలేదు సరికదా, అది ఫెస్టీ టోపీ నోటితో పట్టి లాగి గడ్డిలో పడేసింది.

"ఏమయ్యా, ఏమంటున్నాయి కాళ్లు?" అని గుమ్మంలోంచి అడిగింది భార్య బార్బ్రా.

"ఆలోచిస్తున్నా."

"నీ చేతులకు చెబుతాయిగా?"

"బార్బ్రా, నోర్మూసుకో కాస్త."

ఆదివారం ఊళ్లో గుర్రాల పోటీ. రెండేళ్ల ఆడ గుర్రప్పిల్లల వరసలో రోషీన్ నిలబడాలి. మా దగ్గర మొదటి బహుమతికి ఎర్ర రిబ్బన్ పువ్వు, రెండోదానికి నీలం. ఫెస్టీ వంటింట్లో పందొమ్మిది నీలం పువ్వులు మేకులకు వేలాడుతున్నాయి. ఎర్రది ఒక్కటంటే ఒక్కటి లేదు. రోషీన్ తల్లి కిందటి చలికాలం ముసలితనంతో పోయింది. కొత్త గుర్రాన్ని తెచ్చి, ఈనించి, పిల్లను పెంచే ఓపిక అరవై ఏడేళ్ల ఫెస్టీకి ఇక లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. అంటే ఎర్ర పువ్వు అందేదయితే ఈ ఆదివారమే అందాలి, లేకపోతే ఇక లేదు.

ఆ పందొమ్మిది సార్లలో పదిహేను సార్లు ఎర్ర పువ్వు ఎగరేసుకుపోయినవాడు కోలీన్ నాట్టన్. వాడి గుర్రాలు ఉతికి ఆరేసిన దుప్పట్లలా మెరుస్తుంటాయి. పోటీకి వారం ముందునుంచి వాటిని సాలలో పెట్టి, నూలు దుప్పటి కప్పి, ఓట్స్ మేపుతాడు. దాని మీద ఫెస్టీ పబ్బులో చెప్పిన మాట ఊరంతా వల్లె వేస్తుంది. "మన కొనెమారా జాతి గుర్రం కొండ మీద పుట్టింది, వానలో పెరిగింది. దాన్ని నాలుగు గోడల మధ్య కట్టేసేవాడు గుర్రాన్ని మానేసి పింగాణీ బొమ్మ కొనుక్కోవాలి!" అని బల్ల గుద్ది మరీ చెప్పాడు.

చెప్పేవి శ్రీరంగ నీతులు. ఈసారి, చివరి అవకాశం కదా అని, కిందటి శనివారం ఎవరూ చూడకుండా రోషీన్‌ను కొండ వెనక పొలంలోంచి తోలుకొచ్చి, సాలలో పెట్టి, నూలు దుప్పటి కప్పి, బొక్కెనకు బొక్కెన ఓట్స్ పోశాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. నల్లబురద నేలల్లో తిరిగితే తెల్లటి పొట్టకు గోధుమరంగు మరకలు పడతాయని ఐదు రోజులుగా గడప దాటనివ్వలేదు. ఎవరైనా అడిగితే, "ఎక్కడుంటుంది, కొండ వెనకే మేస్తోంది" అని దబాయించాడు.

కాళ్లు చూసి కాసేపు గింజుకుని, పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ చిన్నదే, ముప్పై కూడా ఉండవు. కానీ పనిమంతురాలు.

"జ్వరముందా?"

"లేదు. చూశాను."

"కుంటుతోందా? మేత మానేసిందా?"

"మేతా? నా టోపీ కూడా తినేట్టుంది."

"రెండు కాళ్లూ ఒకేలా వాచాయా? నొప్పి లేదా? సాలలోనే నిలబెడుతున్నారా ఏమిటి?"

ఇదిగో, ఇక్కడ ఒక్క మాట చాలు, కథ అయిపోయేది. అవునమ్మా, ఐదు రోజులుగా కదలనివ్వలేదు, ఓట్స్ మాత్రం పీకలదాకా మేపాను అంటే సరిపోయేది. కానీ ఆ పబ్బులో బల్ల గుద్దిన రోజు ఈ డాక్టరమ్మ పక్క బల్ల దగ్గరే కూర్చుని చప్పట్లు కొట్టింది.

"ఛ! నేనా? కొండ మీదే తిరుగుతోంది" అన్నాడు ఫెస్టీ.

"అయితే నాకూ అంతు చిక్కడం లేదు. సోమవారం వచ్చి రక్తం తీసి పరీక్షకు పంపుతాను. ఈలోగా జ్వరం వచ్చినా, కుంటినా వెంటనే పిలవండి. ఆదివారం పోటీ సంగతి మర్చిపోండి."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే బార్బ్రా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "డాక్టరుతోనే అబద్ధమా? సిగ్గుందా నీకు?"

"సాలలో పెట్టినందుకే వాచేట్టయితే కోలీన్ గుర్రాలు ఏనుగుకాళ్లతో తిరగాలి! ఇది వేరే ఏదో. పెద్ద జబ్బు." అలా అంటూంటే నిజంగానే భయం వేసింది అతనికి. పిల్ల చచ్చిపోతుందేమోనని భయం వేసింది. పువ్వు సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు. మరుక్షణంలో మళ్లీ గుర్తొచ్చింది, దాచడమెందుకు.

బుధవారమంతా సముద్రపు నీళ్లు బొక్కెనలతో తెచ్చి కాళ్ల మీద పోశాడు. వెనిగర్‌లో బంకమట్టి కలిపి పూశాడు. గురువారం పట్టీలు బిగించి కట్టాడు. సాయంత్రం విప్పి చూస్తే పట్టీ కట్టిన చోట తగ్గి, పట్టీ పైన తొడ దగ్గర ఉబ్బింది.

"బాగుంది" అంది బార్బ్రా. "ఇలాగే పైకి నెట్టుకుపో. ఆదివారానికి చెవుల్లోంచి బయటికి పోతుంది."

"వేళాకోళమా నీకు?"

"ఏడవమంటావా? డీలియా దగ్గరికెళ్లు."

ఫెస్టీ కుర్చీలో కూలబడ్డాడు. ఆ పేరు ఆ ఇంట్లో పదకొండేళ్లుగా ఎవరూ ఎత్తలేదు.

డీలియా ఫోలన్ దగ్గర మందుంది. మందంటే సీసాలో మందు కాదు. కీళ్లు బెణికితే, కాళ్లు వాస్తే ఎర్ర ఉన్నిదారం తొమ్మిది ముళ్లు వేసి కడుతుంది. వాళ్లమ్మ నుంచి వచ్చిన విద్య. ఆవిడకు డబ్బులివ్వకూడదు. ముందు ప్లీజ్ అనకూడదు, తర్వాత థాంక్స్ అనకూడదు. అంటే వచ్చిన గుణం వచ్చినట్టే పోతుంది. కారిగ్‌మోర్‌లో డాక్టర్లను నమ్మేవాళ్లు కూడా ఈ కట్టుబాటు మాత్రం తప్పరు, ఎందుకైనా మంచిదని.

ఫెస్టీ ఇరవై ఏళ్లపాటు రోజూ పదింటికి ఆవిడ వంటింట్లో టీ తాగాడు, సోడా రొట్టె తిన్నాడు, లోకంలో అందరి మీదా చాడీలు చెప్పాడు. డీలియా ఒంటరి మనిషి, నోరు కత్తి, నవ్వితే పొయ్యి మీద గిన్నె మూత ఎగిరినట్టు నవ్వేది. ఆ తర్వాత ఓ ఆదివారం పబ్బులో, జనం నవ్వుతున్నారు కదా అని ఉత్సాహం ఆపుకోలేక, "దారంతో పార్సిల్ కట్టొచ్చు గాని వాపు కట్టలేం. నన్నడగండి, పార్సిళ్ల గురించి నాకు తెలుసు!" అనేశాడు. డీలియా తలుపు దగ్గరే నిలబడి ఉంది. మర్నాడు పదింటికి వెళ్తే ఆవిడ గేటుకు కొత్త రేకు పెట్టె వేలాడుతోంది, తలుపు మూసి ఉంది. తొమ్మిదేళ్లు, ఉద్యోగం వదిలేదాకా, ఉత్తరాలు ఆ పెట్టెలోనే వేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అతని నోటి పుణ్యమా అని ఊళ్లో ఉన్న ఒక్క మంచి వంటిల్లు పోయింది. ఆ టీ మీద బెంగ పదకొండేళ్లయినా తీరలేదు. ఆ సంగతి బార్బ్రాకు కూడా చెప్పలేదు.

గురువారం చీకటి పడకముందే వెళ్లాడు. రేకుపెట్టె దాటాడు. తలుపు కొట్టాడు.

డీలియాకు ఎనభై దాటాయి. వెన్ను వంగింది గాని చూపు వంగలేదు. తలుపు తీసి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"పెట్టె గేటుకే ఉందే. కళ్లు కనబడ్డం లేదా?"

"ఉత్తరం కాదు డీలియమ్మా. నా పిల్ల కాళ్లు... నువ్వొకసారి వచ్చి, ప్లీ..."

"అను! ఆ మాట పూర్తిగా అను, ఇట్నుంచి ఇటే పో!"

ఫెస్టీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బతిమాలకుండా అడగడమెలాగో అతనికి తెలియలేదు. ఎప్పుడూ సలహా ఇచ్చిన నోరే గాని అడిగిన నోరు కాదది. చివరికి, "వాచాయి" అన్నాడు. "నా చేతులకు ఏమీ తెలియడం లేదు." ఆ ఒక్క ముక్క గొంతు దాటేసరికి తాతలు దిగొచ్చారు.

డీలియా శాలువా కప్పుకుంది.

సాలలోకొచ్చి కాళ్ల కంటే ముందు మిగతావన్నీ చూసింది. మందంగా పరిచిన గడ్డి చూసింది. నూలు దుప్పటి చూసింది. ఓట్స్ బొక్కెన చూసింది. మూల పోగేసిన ఐదు రోజుల లద్దె చూసింది. ఆ తర్వాత ఫెస్టీ మొహం చూసింది. అతను పైకప్పు చూశాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు. వంగి, ఎడమ వెనక కాలికి ఎర్ర దారం చుట్టి, వదులుగా, పెదాలు కదుపుతూ తొమ్మిది ముళ్లు వేసింది.

"విను. రేపు, ఎల్లుండి, ఆదివారం. మూడు పొద్దులు. నువ్వే, వేరే ఎవరూ కాదు, దీన్ని పట్టుకుని కొండ దాటి, సముద్రపు ఒడ్డున పునీతుడి బావి దాకా నడిపించాలి. బావి చుట్టూ ఏడు ప్రదక్షిణలు, ప్రదక్షిణకో గులకరాయి. తిరిగి నడిచే రావాలి. ఇంట్లోంచి బయల్దేరింది మొదలు ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు."

"ఒక్కటి కూడానా?"

"నీకు కష్టమే. అందుకే చెబుతున్నా. ఇంకోటి. మందు ఒంట్లో ఉండగా ఓట్స్ ముట్టకూడదు. గడ్డి చాలు."

బావికి పోను నాలుగు మైళ్లు, రాను నాలుగు. శుక్రవారం తెల్లవారగానే బయల్దేరాడు. మొదటి మైలు రోషీన్ కొయ్యకాళ్లతో నడిచింది. రెండో మైలుకు పగ్గం లాగడం మొదలెట్టింది. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఎవరున్నారు? కోలీన్ నాట్టన్! దుప్పటి కప్పిన తన గుర్రప్పిల్లను తడి ఇసుకలో చకచకా నడిపిస్తున్నాడు.

"ఏరా ఫెస్టీ! కొండ వెనక మేస్తోందన్నావు, ఇంత తెల్లగా ఎలా ఉందిరా? సాలలో పెట్టావా ఏంటి?"

ఫెస్టీ నోరు తెరిచి, మూశాడు.

"పలకవేం? నేను రోజూ రెండు గంటలు నడిపిస్తా దీన్ని. లేకపోతే సాలలో ఉన్న గుర్రానికి కాళ్లు గుమ్మడికాయలవుతాయి. నీకు తెలియదా ఏంటి? ఊరికంతా పాఠాలు చెబుతావు!"

పుట్టిన తర్వాత ఫెస్టీకి జవాబు ఇవ్వడానికి వీలుకాని తిట్టు అదే మొదటిది. కుక్కిన పేనులా తల వంచుకుని ముందుకు నడిచాడు. బావి చుట్టూ ఏడు సార్లు తిరిగాడు, ఏడు రాళ్లు వేశాడు. తిరిగొచ్చి చూస్తే వాపు సగం లేదు.

శనివారం తిరిగొచ్చేసరికి అసలు లేదు. సన్నటి కాళ్లు, చెయ్యి పెడితే నరం నరం లెక్కపెట్టొచ్చు. ఫెస్టీ గడ్డిమోపు మీద కూర్చుని, తొడ మీద చరుచుకుంటూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"పిచ్చెక్కిందా?" అంది బార్బ్రా.

"నేనేనే! ఆ జబ్బు నేనే! కదలకుండా కట్టేసి, ఓట్స్ మేపి, కాళ్లు తడిమి, డాక్టరుతో బొంకి... ఆ ముసలిది గుమ్మంలో నిలబడగానే కనిపెట్టేసింది. నాతో ఒక్క మాట అనలేదే!"

"అనుంటే వినేవాడివా? దీన్ని నడిపించరా అబ్బాయ్ అని డీలియా చెప్పుంటే ఏం చేసేవాడివి?"

ఫెస్టీ ఆలోచించాడు. గంటసేపు ఉపన్యాసం ఇచ్చి ఉండేవాడు. ఆ మాటే పైకి చెప్పాడు. వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసి నిజం ఒప్పుకుని, చీవాట్లన్నీ తిని, సోమవారం రావక్కర్లేదనిపించుకున్నాడు.

ఇక మూడో పొద్దు అక్కర్లేదు. కారణం తెలిసిపోయింది. ఆదివారం పొద్దున ఇంటి ముందే నాలుగు చుట్లు నడిపించి, మిగతా టైమంతా కడిగి, దువ్వి, మెరిపించుకోవచ్చు. పైగా వాన పడుతోంది, బావి దారంతా నల్లబురద. ఎర్ర పువ్వు కావాలంటే ఏం చెయ్యాలో చిన్నపిల్లాడైనా చెబుతాడు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల?

ఫెస్టీ పగ్గం పట్టుకుని సాలలోకి వెళ్లాడు. దారం తెంపడానికి వంగాడు. తొమ్మిది ముళ్లూ చూశాడు. ఎనభై ఏళ్ల ముసలావిడ మోకాళ్ల మీద వంగి, తనను అన్ని మాటలన్నవాడి గుర్రానికి కట్టింది. తెంపకుండా లేచి, టోపీ సరిచేసుకుని, నోరు మూసుకుని బావి దారి పట్టాడు.

ప్రదక్షిణ ఆరోది పూర్తయ్యేసరికి రోషీన్ ఆనందం పట్టలేక బావి పక్క బురదలో వెల్లకిలా పడి పొర్లింది. అయ్యో, ఆగవే అని అరవడానికి లేదు. అది నాలుగు కాళ్లూ ఆకాశంలో ఆడిస్తుంటే ఫెస్టీ నోరు నొక్కుకుని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఏడో రాయి వేశాడు.

గంట సేపు కడిగితే వీపు తెల్లబడింది. పొట్టా తోకా మాత్రం టీ ఒలికిన బల్లగుడ్డలా ఉండిపోయాయి. పోటీ మైదానంలో ఎనిమిది గుర్రప్పిల్లలు వరసగా నిలబడ్డాయి. తీర్పరి పక్క జిల్లా నుంచి వచ్చిన పొడుగాటి ఆడమనిషి. రోషీన్ నడక చూసి ఆగింది, మళ్లీ నడిపించమంది. వంగి కాళ్లు తడిమింది. వెనక ఎడమ కాలి దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఏమిటిది?"

గోడ పొడుగునా ఊరంతా నిలబడి ఉంది. పబ్బులో ఆనాడు నవ్వినవాళ్లందరూ ఉన్నారు. కోలీన్ మెడ చాచాడు. గోడ చివర మడతకుర్చీలో డీలియా, ఒళ్లో టీ ఫ్లాస్కు. ఎక్కడో తగులుకున్న దారమండీ అంటే సరిపోతుంది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అని చెప్పడం అతనికి కొత్త కాదు.

"దారమండీ" అన్నాడు ఫెస్టీ. అని, ముప్పై ఏళ్లు గేటు దగ్గరనుంచి పేర్లు పిలిచిన గొంతును పూర్తిగా విప్పాడు. "డీలియా ఫోలన్ కట్టిన దారం! నేను దీన్ని ఐదు రోజులు సాలలో మగ్గబెట్టి కాళ్లు వాచేలా చేశాను. నాకు తెలియలేదు, నా చేతులకు తెలియలేదు. ఆవిడకు తెలిసింది. పార్సిళ్ల గురించి తప్ప నాకింకేమీ తెలియదు!"

గోడ మీద నవ్వులు లేచాయి. ఈసారి ఎవరి మీదో అందరికీ తెలుసు.

తీర్పరి నవ్వాపుకుంటూ రాసుకుంది. ఎర్ర పువ్వు కోలీన్‌కే వచ్చింది. నీలం ఇస్తూ ఫెస్టీతో మెల్లిగా, "ఈ రోజు నేను చూసిన కాళ్లలో ఇవే మేలైనవి. కాస్త శుభ్రంగా కడిగి తేవాల్సింది" అంది.

ఇరవయ్యో నీలం పువ్వు జేబులో కుక్కుకుని గోడ దగ్గరికొచ్చాడు. ఎర్ర పువ్వు ఇక లేదు. డీలియా కుర్చీ ముందు నిలబడ్డాడు. నోట్లో ఒక్కటే మాట ఉంది. అది అనకూడని మాట.

డీలియా ఫ్లాస్కు మూత బిగిస్తూ, తలెత్తకుండా, "ఏంట్రా ఆ కేకలు? అది నాకు థాంక్స్ లాగే వినబడింది" అంది.

"ఆ మాట నేననలేదు!"

"అన్నంత పని చేశావు. చూడు, రాత్రికి మళ్లీ కాళ్లు వాచాయంటే నా గుమ్మం తొక్కకు."

"వాచకపోతే?"

ఆవిడ అతని వంక చూసింది. పదకొండేళ్ల తర్వాత గిన్నె మూత ఎగిరింది.

"వాచకపోతే పదింటికి రా. ఎప్పుడూ వచ్చే టైముకే."

సోమవారం పొద్దున రోషీన్ కొండ వెనక పొలంలో, చెవులదాకా బురదతో, జింక కాళ్లతో పరిగెడుతోంది. ఫెస్టీ నాలుగు కాళ్లూ రెండేసి సార్లు తడిమి చూశాడు, అనుమానం తీరక మూడోసారి కూడా చూశాడు. తొమ్మిదిన్నరకే రేకుపెట్టె దగ్గరికి చేరుకుని, పది కొట్టేదాకా గేటు బయటే నిలబడ్డాడు. సోడా రొట్టె వాసన వస్తోంది. లోపలికెళ్లి కూర్చుని, గొంతు దాకా వచ్చిన ఆ మాటను టీతో పాటు మింగేసి, "ఇంకో కప్పు పొయ్యి" అన్నాడు.